బరంపురంలో ఒక కల్యాణ మండపం: వంటకు వంక లేదు, బండి పెట్టడానికి చోటు లేదు

మొన్న మాఘమాసంలో మా రెండో అమ్మాయి పెళ్ళి ఒడిశా బరంపురంలోని ఒక కల్యాణ మండపంలో చేశాము. మండపం పేరు ఇక్కడ రాయడం లేదు. పెళ్ళయ్యాక యజమానితో రెండుసార్లు కూర్చుని మాట్లాడాను, ఆయన ఓపికగానే విన్నారు. పైగా నేను చెప్పబోయే లోపం ఆ తర్వాత ఊళ్ళో చూసిన నాలుగు మండపాల్లో రెండింటికి ఉంది. గంజాం జిల్లాలో పెళ్ళికో ఒడుగుకో మండపం వెతుక్కునే మన తెలుగువాళ్ళకు ఉపయోగపడుతుందని కాస్త వివరంగానే రాస్తున్నాను.

ఒక పగలు, ఒక రాత్రికి అద్దె 1,10,000 రూపాయలు. కరెంటు, జనరేటరు డీజిలు వేరే. ఆ డబ్బుకు లోపల దొరికినదానిలో నాకు అసంతృప్తి లేదు. హాలు ఎత్తుగా, గాలి ఆడేటట్లు ఉంది. పెళ్ళికూతురి గదిలో అద్దం, వేడినీళ్ళు, తలుపుకు సరైన గడియ ఉన్నాయి; ఆడపిల్ల తండ్రికి ఇవి చిన్న విషయాలు కావు. వంటవాళ్ళు మండపం వాళ్ళే. పనసకాయ కూర, గుమ్మడికాయ పులుసు, దాల్మా, పులిహోర, ఊరి అప్పడాలు వేడివేడిగా వడ్డించారు. టెక్కలి నుంచి వచ్చిన మగపెళ్ళివారు దాల్మాను అడిగి మరీ రెండోసారి వేయించుకున్నారు. చివరి పంక్తి వరకు అన్నం చల్లారలేదు.

ఇబ్బంది అంతా గేటు బయట మొదలైంది. మాకు వచ్చినవారు నాలుగు వందల యాభై మంది. రెండు బస్సులు, నలభై దాకా కార్లు, లెక్క పెట్టలేనన్ని మోటారు సైకిళ్ళు. మండపం ముందున్న ఖాళీ స్థలంలో ఇరికించి పెడితే ఏడు కార్లు పట్టాయి. ఎనిమిదో కారుకు కాపలా మనిషి చెయ్యి ఊపి రోడ్డు వైపు చూపించాడు. బస్సు గేటు దాకా రాలేక దూరాన ఆగిపోతే, కాలికి ఆపరేషను అయిన మా మేనత్త, ఎనభై రెండేళ్ళ మనిషి, పట్టుచీర కుచ్చెళ్ళు ఒక చేత్తో పట్టుకుని, పగిలిన కాలువ పలకలు దాటుకుంటూ నడిచి వచ్చింది. వచ్చి కుర్చీలో కూలబడి, "ఏటి నాయనా, పెళ్ళికొచ్చేమా, తీర్థానికొచ్చేమా?" అంది. నా దగ్గర జవాబు లేదు.

అంతకంటే బాధ కలిగించినది ముహూర్తం వేళ జరిగింది. రాత్రి పదిన్నరకు అమ్మాయిని బుట్టలో కూర్చోబెట్టి మేనమామ మోసుకు రావాలి. ఆ సమయానికి మా బావమరిది రోడ్డు మీద ఉన్నాడు. వరుసగా ఆపిన కార్ల పక్క నుంచి సందు చేసుకుని వెళ్ళబోయిన లారీ ఆయన కారు తలుపును గీరుకుంటూ పోయింది. రెండు వైపులా బండ్లు ఆగిపోయాయి. పోలీసులు వచ్చి ఎవరి కారు ఇదని అడుగుతున్నారు. లోపల పురోహితులు గడియారం చూస్తున్నారు. అమ్మాయి గౌరీపూజ ముగించి, బుట్ట పక్కన తల వంచుకుని కూర్చుని ఉంది. చివరికి మా తమ్ముడు పరుగెత్తి బావమరిదిని లాక్కొస్తే, ఆయన చెమటతో తడిసిన చొక్కా విప్పి ఉత్తరీయం కప్పుకుని బుట్ట ఎత్తాడు. ముహూర్తం తప్పలేదు. కానీ ఆ పది నిమిషాలు మా ఇంట్లో ఎవరూ మరిచిపోలేదు.

అదే సమయంలో ఏ అంబులెన్సో, అగ్నిమాపక యంత్రమో రావలసి ఉంటే దారి ఎక్కడిదని నాకు తర్వాత ఎన్నో రాత్రులు అనిపించింది. 1997 జూన్ 13న ఢిల్లీ ఉపహార్ సినిమా హాలులో 59 మంది ప్రాణాలు తీసిన మంటలు కింది అంతస్తు పార్కింగులో, ట్రాన్స్‌ఫార్మరు దగ్గర మొదలై కార్లకు అంటుకున్నవే. ఆ పొగే పైకి ఎక్కింది. జనం పోగయ్యే కట్టడంలో బండ్ల చోటును ప్రాణాల లెక్కలోనే చూడాలని నేను అనడానికి అదే కారణం.

పెళ్ళయిన వారానికి మిగతా డబ్బు కట్టడానికి మండపం ఆఫీసుకు వెళ్ళాను. మేనేజరు కుర్చీ వెనక గోడకు, దేవుడి పటాల పక్కనే, ముద్రలు పడిన ప్లాను చట్రం కట్టించి వేలాడదీసి ఉంది. దగ్గరికి వెళ్ళి చూస్తే, కట్టడం వెనక భాగమంతా గీతలు గీసి పార్కింగ్ అని రాసి ఉంది. కిటికీలోంచి అదే చోటు చూశాను. అక్కడ ఆరడుగుల ప్రహరీ, దాని వెనక కొత్తగా లేస్తున్న రెండు ఇళ్ళ పిల్లర్లు.

సంగతి అడిగితే యజమాని దాచకుండా చెప్పారు. మొత్తం స్థలం 50 డెసిమిళ్ళు, తండ్రి పేరు మీద ఉన్నప్పుడు ప్లాను మంజూరైంది. ఆయన పోయాక అన్నదమ్ములు పంచుకున్నారు. కట్టడం, ముందు స్థలం పెద్దాయనకు. వెనకనున్న 18 డెసిమిళ్ళు చిన్నాయనకు. చిన్నాయన దాన్ని మూడు ముక్కలు చేసి అమ్మేశారు. పంపకం కాగితం సక్రమమే, అమ్మకం కాగితాలూ సక్రమమే. అయితే ఆ 18 డెసిమిళ్ళు బండ్ల కోసం విడిచిపెడతామన్న మాట మీదనే ఆ మండపం కట్టడానికి అనుమతి వచ్చిందన్న సంగతి పంపకంలో ఎవరూ ఎత్తలేదు.

ఈ 18 డెసిమిళ్ళంటే ఎంతో చూద్దాం. ఒడిశాలో డెసిమిల్ అంటే మన సెంటే, ఎకరంలో నూరో వంతు, 435.6 చదరపు అడుగులు. 18 డెసిమిళ్ళు 7,840 చదరపు అడుగులు, అంటే సుమారు 728 చదరపు మీటర్లు. కేంద్ర ప్రభుత్వం 2016లో వెలువరించిన నమూనా భవన నిబంధనల ప్రకారం ఒక కారుకు, అది తిరగడానికి కావలసిన దారితో కలిపి, ఆరుబయట 23 చదరపు మీటర్లు, నేల అంతస్తులో కప్పు కింద అయితే 28, సెల్లారులో అయితే 32 లెక్క కట్టాలి. ఆ ప్రకారం చిన్నాయన అమ్మిన నేలలో ముప్పైఒక్క కార్లు పట్టేవి. ముందున్న ఏడు కలిపితే ముప్పైఎనిమిది. మా పెళ్ళికి వచ్చినవి నలభై దాకా. ప్లాను గీసినవాడు సరిగానే గీశాడు.

ఇలా ఎందుకు జరుగుతుందో తెలుసుకోవాలని అడిగి చూశాను. తహసీలు ఆఫీసు చూసేది భూమి ఎవరిదన్నది. ప్లాను మంజూరు చేసేవారు చూసేది ఆ భూమి మీద ఏం కట్టవచ్చన్నది. ఎన్ని అంతస్తులు వేయవచ్చు, చుట్టూ ఎంత వదలాలి, బండ్లకు ఎంత చోటు అన్నవన్నీ స్థలం మొత్తాన్ని ఒక్కటిగా తీసుకుని కట్టిన లెక్కలు. పంపకమై మ్యుటేషన్, అంటే రికార్డుల్లో పేరు మార్పు, జరిగి కొత్త ఖాతా, కొత్త ప్లాటు నంబరు పడ్డాక, ఆ లెక్క చెదిరిపోయినట్టు ఏ పట్టా మీదా రాసి ఉండదు. 1982 నాటి ఒడిశా డెవలప్‌మెంట్ అథారిటీల చట్టం ఉంది; దాని కింద 2020లో రాష్ట్రమంతటి అథారిటీలకు ఒకే ప్లానింగ్, భవన ప్రమాణాల నియమావళి కూడా వచ్చింది. పార్కింగ్ ఆ నియమాల్లో ఉన్నదే. ఫ్లాట్ల విషయంలో స్తంభాల కింది పార్కింగును విడిగా అమ్ముకునే హక్కు బిల్డరుకు లేదని 2010లోనే సుప్రీంకోర్టు చెప్పింది. అది మహారాష్ట్ర చట్టం కింద, ముంబయి కేసులో వచ్చిన తీర్పు కనుక మన మండపాలకు నేరుగా వర్తిస్తుందని నేను అనను. కానీ అందరి కోసం ప్లానులో చూపిన చోటు ఒకరి సొంతంగా అమ్ముకునే సరుకు కాదన్న న్యాయం ఊరు మారితే మారేది కాదు.

అందుకని, బయానా ఇచ్చే ముందు మంజూరైన ప్లాను చూపించమని అడగండి. చూపించడానికి నసిగే చోట నాకైతే నమ్మకం కుదరదు. ప్లాటు నంబరు రాసుకుని ఒడిశా ప్రభుత్వపు ఆన్‌లైన్ భూమి రికార్డు అయిన భూలేఖ్‌లో చూస్తే ఖాతా ఎవరి పేరున ఉంది, ఇప్పుడు ఎన్ని డెసిమిళ్ళు మిగిలింది, కిసమ్, అంటే నేల రకం, ఏమిటి అన్నవి ఇంట్లో కూర్చుని తెలుసుకోవచ్చు. ప్లాను మీద 50 ఉండి భూలేఖ్‌లో 32 కనబడితే మిగతాది ఎక్కడికి పోయిందని అడగాలి. నేను ముందే ఈ పని చేసి ఉంటే ఆ రాత్రి మా మేనత్త అంత దూరం నడిచి ఉండేది కాదు. కిసమ్ దగ్గర ఘరబారి, అంటే ఇంటి స్థలం, అని కాక శారద అని, అంటే వరి పండే నేల అని ఉంటే, 1960 నాటి ఒడిశా భూసంస్కరణల చట్టం 8-ఎ సెక్షను కింద వ్యవసాయేతర భూమిగా మార్పిడి జరిగిందో లేదో కూడా అడగాలి. స్థలం కొనేవారికి ఇది మరీ ముఖ్యం. ఆ వెనక ముక్కలు కొన్న ముగ్గురు ఇవన్నీ చూసుకున్నారో లేదో అని వారి కోసం కూడా నాకు దిగులుగా ఉంది.

గుంఠ అన్న మాట దగ్గర కూడా జాగ్రత్త పడాలి. చంద్రపూర్ నుంచి, హైదరాబాదు నుంచి వచ్చిన మా బంధువులకు గుంఠ అంటే ఎకరంలో నలభయ్యో వంతు, 1,089 చదరపు అడుగులు. ఒడిశాలో ఎకరానికి గుంఠలు ఇరవై అయిదే; ఒక్కోటి 4 డెసిమిళ్ళు, 1,742 చదరపు అడుగులు. వెనకాల అయిదు గుంఠలు ఖాళీగా ఉందని ఎవరైనా చెబితే ఏ గుంఠో అడిగి, డెసిమిళ్ళలో చెప్పించుకోండి.

యజమాని నా మాట కాదనలేదు. రోడ్డుకు అవతలనున్న ఖాళీ స్థలం పెళ్ళి రోజులకు అద్దెకు తీసుకుంటానని, కాపలాకు ఇద్దరిని పెడతానని అన్నారు. ఆషాఢంలో అటు వెళ్ళినప్పుడు ఆగి చూశాను. ఆ స్థలంలో ఇటుకల కుప్పలే ఉన్నాయి, మండపం ముందు యథాప్రకారం రోడ్డు మీద కార్లున్నాయి. భోజనానికి అయిదుకు నాలుగున్నర, హాలుకు నాలుగు, బండ్ల చోటుకు ఒకటి ఇస్తాను. నూట యాభై మందికి మించని శుభకార్యమైతే, సగం మంది రైలుకో ఆటోలకో వచ్చేవారైతే, ఈ మండపం తీసుకోవచ్చు. అంతకు మించితే వద్దనే చెబుతాను.

వచ్చే వైశాఖంలో మా అన్నయ్య మనవడి ఒడుగు ఉంది. హాలు దీనికంటే చిన్నదే అయినా వేరే మండపం మాట్లాడాము. బయానా ఇవ్వకముందే ప్లాను ఫోటో తీసుకున్నాము. మా తమ్ముడు ఒక కొస, నేను ఒక కొస టేపు పట్టుకుని వెనక దొడ్డి కొలిచాము. ప్లానులో ఉన్నంతా నేల మీద ఉంది. గేటు పన్నెండు అడుగులు, బస్సు లోపలికి వస్తుంది, మా మేనత్త మెట్ల దగ్గరే దిగవచ్చు.