సులువైన నడకే, చివరి మలుపు దాకా

అడవిలో జలపాతం, పాత రాతి కట్టడం చూపించే ఒక పూట గైడెడ్ వాక్‌కి వెళ్లొచ్చాను. నాకు మోకాళ్ల నొప్పి, అందుకే ‘సులువు’ అని రాసి ఉన్నదే బుక్ చేశాను. చెట్ల నీడన దారి నిజంగానే హాయిగా ఉంది. జలపాతం దగ్గర చివరి 20 అడుగులే టెన్షన్. తుంపర్లకు తడిసి నాచు పట్టిన రాళ్లు, పట్టుకోవడానికి ఏమీ లేదు. ముందే చెప్పి ఉంటే చేతికర్ర తెచ్చుకునేదాన్ని.

కట్టడం దగ్గర మాత్రం గైడ్‌కి నూటికి నూరు మార్కులు. అరిగిపోయిన రాయి మీద టార్చి ఎదురుగా కాకుండా పక్కనుంచి ఏటవాలుగా వేశాడు. గీతల్లో నీడలు పడి, అప్పటిదాకా కనబడని అక్షరాలు పైకి తేలాయి! మిట్టమధ్యాహ్నం వెళ్తే ఎండకి అంతా చదునుగానే కనిపిస్తుందట, ఉదయం బ్యాచే తీసుకోండి. అరిగిన బూట్లతో మాత్రం వెళ్లకండి. నేను రెండుసార్లు జారాను.