అమలాపురం షాపులో లైనక్స్: రెండు దారులు

మా అమలాపురంలో కంప్యూటర్లు అమ్మే ఆయన్ని ఓపెన్ సోర్స్ (కోడ్ అందరికీ తెరిచి ఉంచిన సాఫ్ట్‌వేర్) వైపు తిప్పాలంటే రెండు దారులు. విండోస్ అలాగే ఉంచి, అందులో లిబ్రేఆఫీస్ అనే ఉచిత ఆఫీస్ సాఫ్ట్‌వేర్ వేసి ఇమ్మనడం ఒకటి. విండోస్ బదులు లైనక్స్ మింట్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ వేసిన మిషన్ షాపులో పెట్టమనడం రెండోది.

మొదటిదానికి వెంటనే తలూపాడు. ఖర్చు లేదు, వర్డ్, ఎక్సెల్ ఫైళ్లు తెరుస్తుంది, దొంగ కాపీ వేసి ఇచ్చే టెన్షన్ ఉండదు. కాకపోతే కొన్నవాళ్లకి అది ఓపెన్ సోర్స్ అన్న సంగతే తెలియదు.

రెండోదానికి మాత్రం, "రేపు ఏదైనా ఆగిపోతే నన్నే అడుగుతారండీ" అన్నాడు. నిజమే. రొయ్యల మేత షాపుకి లెక్కలు రాసుకునే టాలీ కావాలి, శుభలేఖలు వేసేవాళ్లకి అను తెలుగు ఫాంట్లు కావాలి. రెండూ విండోస్ మీద నడిచేవే. వాళ్ల జోలికి పోకూడదు.

కానీ విండోస్ 10కి మామూలు సపోర్టు 2025 అక్టోబరు 14తో ఆగిపోయింది. టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ ఏర్పాటు లేని పాత లాప్‌టాప్‌లకి విండోస్ 11 అధికారికంగా రాదు. అలాంటివి ఆయన షాపు మూలన దుమ్ము పట్టి ఉన్నాయి. వాటిలో మింట్ వేసి కాలేజీ పిల్లలకి అమ్మితే ఆయనకీ నాలుగు డబ్బులు.

నా ఓటు రెండోదానికే, అదీ ఆ పాత మిషన్లతోనే. మొదటి నెల వచ్చే ఫోన్లు నాకు మళ్లించమన్నాను.