పరవాడ ఫార్మా సిటీ దగ్గర అక్క మెస్: సీ షిఫ్ట్ (రాత్రి డ్యూటీ) దిగి వచ్చేవాళ్లకు పొద్దున్నే వేడన్నం

నేను ఫార్మా సిటీలో ప్రొడక్షన్ కెమిస్ట్‌ని. కంపెనీ కొత్త బ్లాక్ కట్టడం వల్ల వచ్చిన ఉద్యోగం నాది. బిల్డింగ్ లేచిన రోజే అందరినీ తీసుకోరు. రియాక్టర్లు, పైపులైన్లు ఒక్కొక్కటీ పరీక్షించి, మూడు వాలిడేషన్ బ్యాచ్‌లు (మందు ప్రతిసారీ ఒకేలా వస్తోందని రుజువు చేసే తయారీలు) సరిగ్గా వచ్చాకే మూడు షిఫ్టులకూ మనుషులు కావాలి. అలా నాతోపాటు చేరినవాళ్లలో శ్రీకాకుళం, విజయనగరం కుర్రాళ్లే ఎక్కువ. రూముల్లో ఉంటాం, వంట ఎవరికీ రాదు.

మా అందరి కడుపు నింపేది ఈ మెస్సే. పొద్దున ఆరుకి సీ షిఫ్ట్ అయిపోతుంది. బస్సు దిగేసరికి అన్నం పొగలు కక్కుతూ ఉంటుంది. మొదటి వారం నేను ఇడ్లీ అడిగితే, నా కళ్లు చూసి అక్క, "రాత్రంతా నిలబడొచ్చావు బాబూ, అన్నం తిని పడుకో" అంది. పప్పుచారు, ఆవ పెట్టిన అరటికాయ కూర, గడ్డ పెరుగు. ప్లేటు 80 రూపాయలు. ఆ కూర కోసమే మంగళవారం ఎదురుచూస్తాను.

మేమంతా చేరకముందు అక్క ఒక్కతే వండేది. కొత్త బ్లాక్ మొదలయ్యాక పక్క ఊరి ఆడవాళ్లు ఐదుగురు పనికి కుదిరారు. ఈ ఐదు కొలువులూ ఏ కంపెనీ లెక్కలోనూ ఉండవు, కానీ నాకు అవీ ఆ బ్లాక్ ఇచ్చినవే.

సాంబారు మాత్రం చప్పగా ఉంటుంది. ఆదివారం రాత్రి మూసేస్తారు. మధ్యాహ్నం రెండింటికి షిఫ్ట్ మారే రద్దీలో చోటు దొరకదు, మూడు దాటాక వెళ్లండి.