పిల్లల పేర్ల యాప్ రివ్యూ: సిడ్నీ ఉంది, సింహాచలం లేదు

ముందే చెప్పేస్తున్నా, ఐదుకి రెండు స్టార్లే. యాప్ పేరు రాయట్లేదు, ఎందుకంటే మా బంధువుల ఫోన్లలో ఉన్న ఇలాంటి యాప్‌లలో కూడా ఇదే లోటు కనిపించింది.

మా చెల్లి కూతురిది శతభిషం మూడో పాదం, అంటే 'సీ' అక్షరం. చెల్లికీ మరిదికీ పాపకి ఏదైనా ఊరి పేరు పెట్టాలని కోరిక, దానికి కారణం మా అమ్మమ్మ. ఆవిడ పేరు సింహాచలం. ముందు పుట్టిన పిల్లలు దక్కకపోతే, ఈసారి బిడ్డ బతికితే నీ కొండ పేరే పెట్టుకుంటామని అప్పన్నకి మొక్కుకున్నారట, పెట్టేశారు. విజయనగరం, శ్రీకాకుళం వైపు వెళ్తే సింహాచలం అనే ఆడవాళ్లూ ఉంటారు, మగవాళ్లూ ఉంటారు, ఎవరూ వింతగా చూడరు.

యాప్‌లో నక్షత్రం, పాదం కొట్టాక 'ప్లేసెస్' అని ఒక విభాగం వస్తుంది, డబ్బులు కడితేనే అది తెరుచుకుంటుంది. కట్టాం. వచ్చినవి సిడ్నీ, సియెన్నా, సియెర్రా. సరే అని అక్షరం తీసేసి మొత్తం జాబితా చూస్తే పారిస్, బ్రూక్లిన్, చెల్సీ, ఫ్లోరెన్స్, కెన్యా, ఆసియా, ఇండియా, మన దేశం నుంచి కాశీ, అయోధ్య, ద్వారక. తెలుగు పేర్ల యాప్ అని పెద్ద అక్షరాలతో రాసుకున్నదాంట్లో తెలుగు ఊరు ఒక్కటీ లేదు.

ఆ పేర్లు బాగాలేవని నేను అనట్లేదు. ఫ్లోరెన్స్ నైటింగేల్ 1820లో ఇటలీలోని ఫ్లోరెన్స్‌లో పుట్టింది కాబట్టి ఆ పేరు, అంతకుముందు ఏడాది నేపుల్స్‌లో పుట్టిన అక్కకి ఆ ఊరి పాత గ్రీకు పేరు పార్థెనోపీ అని పెట్టారు. సిడ్నీ నగరానికేమో 1788లో అప్పటి బ్రిటిష్ మంత్రి లార్డ్ సిడ్నీ పేరు పెట్టారు, అంటే మనిషి పేరు ఊరికి వెళ్లి మళ్లీ మనుషుల దగ్గరికి వచ్చింది. బ్రూక్లిన్ అయితే డచ్చివాళ్లు తమ దేశంలోని ఒక ఊరి పేరు తెచ్చి పెట్టుకున్నది. పిల్లకి పేరు పెట్టేవాళ్లకి కావాల్సింది ఇలాంటి సంగతులే కదా. యాప్‌లో సిడ్నీ పక్కన 'ఆస్ట్రేలియా నగరం, మోడ్రన్' అని రాసి వదిలేశారు.

ఇక మన దగ్గర ఊరి పేరు పెట్టుకోవడం అనేది ఎంత పెద్ద విషయమో! బిడ్డ ఎక్కడ పుట్టిందని కాదు, ఏ దేవుడి దయవల్ల పుట్టిందని ఆ ఊరి పేరు పెడతారు. అందుకే పేరు వినగానే ఆ ఇంటివాళ్లు ఏ కొండ ఎక్కుతారో చాలాసార్లు తెలిసిపోతుంది. యాదగిరి, యాదయ్య, యాదమ్మ అంటే యాదగిరిగుట్ట. అన్నవరం అంటే గోదావరి జిల్లాలు. రాయలసీమలో ఓబులేసు అంటే అహోబిలం స్వామి, కదిరప్ప అంటే కదిరి నరసింహుడు. శ్రీశైలం, భద్రాచలం, తిరుపతయ్య సరేసరి. గుంటూరు, ప్రకాశం వైపు నాగూర్ అనే పేరు తమిళనాడులోని నాగూరు దర్గా నుంచి వచ్చింది, గాయకుడు మనో అసలు పేరు కూడా నాగూర్ బాబే. మన క్రైస్తవుల ఇళ్లలో సీయోను, షారోను, బేతేలు ఉన్నాయి, ఇవన్నీ బైబిల్లోని స్థలాలు. షారోన్‌ని యాప్ 'అమెరికన్ పేరు' అని చూపించింది, అది ఇశ్రాయేలులోని మైదానం అని ఆదివారం బడికి వెళ్లే పిల్లలకి కూడా తెలుసు.

అసలు తప్పు ఎక్కడుందంటే, వెతుకులాట అంతా ఇంగ్లీషు స్పెల్లింగు మీద నడుస్తోంది. మనం 'సీ' అని తెలుగులో నొక్కినా లోపల వాళ్లు చూసేది ఎస్‌తో మొదలయ్యే ఇంగ్లీషు స్పెల్లింగే. సీయోను ఇంగ్లీషులో జెడ్‌తో మొదలవుతుంది కాబట్టి 'సీ'లో రానే రాదు. నక్షత్రం అక్షరం కోసమే యాప్ కొనేవాళ్లకి ఇది చిన్న లోపం కాదు.

బాగున్నవీ ఉన్నాయి. పాదం అక్షరాలు మా పంచాంగంతో సరిపోయాయి. పేరుని ఇంటిపేరుతో కలిపి పాస్‌పోర్టులో ఎలా కనబడుతుందో చూపించే చోటు మా మరిదికి చాలా నచ్చింది, అమెరికాలో ఉన్నవాళ్లకి ఇంకా పనికొస్తుంది. ఒక్కటి మాత్రం నమ్మకండి. '21 రోజుల్లో పేరు ఖరారు చేయండి' అని రోజూ నోటిఫికేషన్ కొట్టి టెన్షన్ పెడతారు. 21 రోజుల్లో చేయించాల్సింది జననం నమోదు, పేరు లేకుండా కూడా చేయించుకోవచ్చు. తర్వాత 12 నెలల్లోపు ఫీజు లేకుండా పేరు రాయించుకోవచ్చు, అది దాటితే లేటు ఫీజు కట్టి 15 ఏళ్ల వరకూ వీలుంది. బారసాల రోజు పళ్లెంలో బియ్యం మీద రాసిన పేరే సర్టిఫికెట్‌లో ఎక్కాలని కూడా లేదు.

పైన చెప్పిన పేర్లన్నీ ఏ ఊరివో, ఎవరు పెట్టుకుంటారో రాసి కస్టమర్ కేర్‌కి పంపాను. జవాబు మర్యాదగానే వచ్చింది, తర్వాతి అప్‌డేట్‌లో సింహాద్రి, తిరుమల, యాదగిరి చేరాయి కూడా. కానీ మూడింటినీ అబ్బాయిల జాబితాలోనే పడేశారు. మళ్లీ రాశాను, ఈసారి సింహాచలం రెండు జాబితాల్లోనూ ఉండాలని, మా అమ్మమ్మ ఆధార్ కార్డులో ఉన్న పేరే అదని. చెల్లివాళ్లు ఇక ఆగలేదు, పాపకి సిరి సింహాచలం అని పెట్టేశారు.