కైరోప్రాక్టిక్ చికిత్సను రాసిపెట్టే పద్ధతుల్లో ఏది మేలు?

నడుము నొప్పికి అమెరికాలో కైరోప్రాక్టర్ (వెన్ను, కీళ్లను చేతులతో సర్దే చికిత్సకుడు) దగ్గర చికిత్స మొదలుపెట్టి, స్వదేశానికి వచ్చాక హైదరాబాదులోనో విశాఖపట్నంలోనో ఫిజియోథెరపిస్టు దగ్గర దాన్ని కొనసాగించవలసి వచ్చినవారి సంగతి తీసుకుందాం. వారు వెంట తెచ్చుకున్న కాగితం చదివి, ఏ కీలు మీద ఏ చర్య జరిగిందో ఈ రెండో చికిత్సకుడు గ్రహించగలగాలి. మెడను ఒక్కసారిగా వేగంగా తిప్పారా, నెమ్మదిగా కదిపారా అన్నది పరిభాషకు మాత్రమే సంబంధించిన తగవు కాదు. ఎముకలు బాగా గుల్లబారిన వృద్ధులకు వేగంగా ఇచ్చే థ్రస్ట్, అంటే కీలు మీద ఒక్కసారిగా ఇచ్చే తోపు, పనికిరాదు. మెడ విషయంలోనైతే ధమని గోడ చీలే ప్రమాదం అరుదైనదే అయినా చికిత్సకులు దాన్ని దృష్టిలో పెట్టుకోక తప్పదు. చికిత్సను నమోదు చేయడానికి నేడు వాడుకలో ఉన్న పద్ధతులను ఈ అవసరం దృష్ట్యానే తూచి చూడాలి.

అన్నిటిలోకీ సులువైనది, పద్ధతి పేరు రాసి ఊరుకోవడం. 1895లో అయోవా రాష్ట్రంలోని డేవెన్‌పోర్ట్‌లో డి. డి. పామర్ కైరోప్రాక్టిక్‌ను ప్రారంభించిన తరువాత ఆ వృత్తి గురుపరంపరలుగా చీలుతూ పెరిగింది గనుక, గాన్‌స్టెడ్, థాంప్సన్, కాక్స్, లోగన్ వంటి పేర్లు ఆయా గురువుల పేర్లే. వీటిలో కొన్నిటికి కొంత సమాచార విలువ ఉంది. కాక్స్ అన్నప్పుడు రోగిని బోర్లా పడుకోబెట్టి, బల్ల కింది భాగాన్ని మెల్లగా వంచుతూ నడుమును సాగదీశారని ఊహించవచ్చు. యాక్టివేటర్ అన్నప్పుడు చేత పట్టుకునే స్ప్రింగు పరికరాన్ని వాడారని తెలుస్తుంది. డైవర్సిఫైడ్ అన్న పేరు మాత్రం, అన్నిటికన్నా ఎక్కువమంది వాడేది అదే అయినా, దాదాపు ఏమీ చెప్పదు.

రెండోది, వెన్నుపూస ఎటు జరిగిందో అక్షరాలతో సూచించే పద్ధతి. చూడటానికి ఇది ఎంతో శాస్త్రీయంగా ఉంటుంది, చిక్కంతా ఇక్కడే ఉంది. నాలుగో నడుము పూసలో, వీపు మీద వేలితో తడిమితే తగిలే వెనక మొన ఎడమకు, ముందరి దిమ్మ కుడికి తిరిగి ఉన్నాయనుకుందాం. పామర్-గాన్‌స్టెడ్ పద్ధతి వెనక మొనను ప్రమాణంగా తీసుకుంటుంది కాబట్టి దీన్ని పి.ఎల్. అని, అంటే వెనక్కు, ఎడమకు అని నమోదు చేస్తుంది. 1874లో ఆండ్రూ టేలర్ స్టిల్ ఆరంభించిన ఆస్టియోపతీ అనే మరో చేతి చికిత్సా సంప్రదాయంలో శిక్షణ పొందినవారు ముందరి దిమ్మను ప్రమాణంగా తీసుకొని అదే పూస కుడికి తిరిగిందని రాస్తారు. కదలికను తడిమి పరీక్షించే వర్గంవారు పూస ఎటు తిరగడం లేదో ఆ దిక్కును పేర్కొంటారు గనుక, వారి రాతలో అది ఎడమవైపు భ్రమణానికి అవరోధం అవుతుంది. ముగ్గురిలో ఎవరూ తప్పు రాయలేదు. అయినా ఎవరి పద్ధతో చెప్పకుండా ఒకరి కాగితం మరొకరి చేతికి వెళితే, కుడి ఎడమలు తారుమారవుతాయి.

పోనీ, అందరూ ఒకే ప్రమాణానికి ఒప్పుకుంటే సరిపోతుందా అంటే, అదీ సందేహమే. ఒకే రోగి వెన్నును వేర్వేరు చికిత్సకులు తడిమి చూసినప్పుడు వారి నిర్ధారణలు తరచుగా కలవవని పరిశోధనలు పలుమార్లు చూపాయి. 2004లో వెలువడిన ఒక అధ్యయనంలో, నడుము మీద థ్రస్ట్ ఇచ్చినప్పుడు కీలు నుంచి వచ్చే టక్కుమనే శబ్దం గురిపెట్టిన చోటికి సగటున 5 సెంటీమీటర్లకు పైగా దూరంలో పుట్టింది, అంటే కనీసం ఒక పూస అవతల. గురే ఇంత సడలుగా ఉన్నప్పుడు ఫలానా పూస ఫలానా దిక్కుకు జరిగిందని రెండు మూడు అక్షరాల్లో బిగించి రాయడం, లేని కచ్చితత్వాన్ని ఉన్నట్టు చూపడమే అవుతుంది. పైగా ఈ అక్షరాల వెనక, పూస స్థానం తప్పడమే వ్యాధికి కారణమనే సబ్‌లక్సేషన్ సిద్ధాంతం ఉంది. బ్రిటన్‌లో ఈ వృత్తిని నియంత్రించే జనరల్ కైరోప్రాక్టిక్ కౌన్సిల్ 2010లోనే దాన్ని చారిత్రక భావనగా పేర్కొని, అది వ్యాధికి కారణమనే వాదనకు పరిశోధనల ఆధారం లేదని ప్రకటించింది.

ఫిజియోథెరపీ విద్యార్థులకు బాగా పరిచయమైనవి ఆస్ట్రేలియాకు చెందిన జెఫ్రీ మైట్‌లాండ్ గ్రేడులు. ఒకటి నుంచి నాలుగు వరకు లయబద్ధంగా కదపడం, అయిదు వేగవంతమైన థ్రస్ట్. కదలిక ఎంత పెద్దది, అది కీలు పరిధిలో ఎక్కడ జరిగింది అన్న రెండు విషయాలను ఒక్క అంకెలో ఇమడ్చడం దీని బలం. అయితే నార్వేకు చెందిన కాల్టెన్‌బార్న్ పద్ధతిలోనూ మూడు గ్రేడులున్నాయి, అవి లాగిపట్టి ఉంచే బలాన్ని కొలుస్తాయి. కనుక ఎవరి గ్రేడో చెప్పకుండా గ్రేడ్ మూడు అని మాత్రం రాస్తే అది అసంపూర్ణం.

అమెరికా బీమా సంకేతాల గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. 98940 అంటే వెన్నులో ఒకటి రెండు ప్రాంతాలకు, 98941 అంటే మూడు నాలుగు ప్రాంతాలకు, 98942 అంటే అయిదు ప్రాంతాలకు చికిత్స జరిగిందని అర్థం. బిల్లుకు అవి చాలు, తరువాతి చికిత్సకుడికి చాలవు.

నా అభిప్రాయంలో వీటన్నిటికన్నా మేలైనది, అమెరికాలోని మాన్యువల్ ఫిజియోథెరపిస్టుల అకాడమీ నియమించిన బృందం 2008లో ప్రతిపాదించిన వర్ణన పద్ధతి. బలాన్ని ఎంత వేగంగా ప్రయోగించారు, కదలిక పరిధిలో ఎక్కడ, ఏ దిక్కుకు, ఏ భాగం మీద, దేనితో పోల్చితే ఏది కదలాలని, రోగి ఏ భంగిమలో ఉండగా అన్న ఆరు అంశాలను ఇందులో వరుసగా రాయాలి. ఉదాహరణకు, రోగిని ఎడమ పక్కకు పడుకోబెట్టి, కదలిక పరిధి చివరన, కింది నడుము పూసలు పైవాటితో పోల్చితే ఎడమకు తిరిగేలా వేగంగా బలం ప్రయోగించినట్టు రాయవచ్చు. ఈ వాక్యాన్ని ఏ సంప్రదాయంలో చదువుకున్నవారైనా అర్థం చేసుకోగలరు, ఎందుకంటే ఇందులో చికిత్సకుడి చేయి చేసిన పని మాత్రమే ఉంది, రోగమేమిటన్న నమ్మకం లేదు.

దీనికీ లోపాలున్నాయి. రోజుకు ఎందరినో చూసే చోట ప్రతి థ్రస్ట్‌కూ ఇంత పొడవైన వాక్యం రాసే ఓపిక ఎవరికీ ఉండదు, కాబట్టి సాధారణంగా కదిపే చికిత్సలకు మైట్‌లాండ్ గ్రేడు, థ్రస్ట్‌లకు మాత్రం పూర్తి వర్ణన అన్న సర్దుబాటు ఆచరణీయం. అంతకన్నా పెద్ద లోటు, ఎంత బలం వాడారన్నది ఆ ఆరింటిలో లేకపోవడం. చేతితో ఇచ్చే బలాన్ని మామూలు క్లినిక్‌లో కొలిచే సాధనం లేదు కనుక, చికిత్స సమయంలోనూ మర్నాడూ రోగికి ఎలా ఉందో ఆ వాక్యం పక్కనే రాయడం అవసరం. పద్ధతి పేరు చివరన, ఖాళీ ఉంటే, రాసుకున్నా అభ్యంతరం లేదు.