రెయిన్‌మీటర్ స్కిన్లకి మాస్కులతో రంగులు: చాలాకాలం వాడాక నా మాట

రెయిన్‌మీటర్ అంటే విండోస్ డెస్క్‌టాప్ మీద గడియారాలు, బార్లు, బటన్ల లాంటివి చూపించే ప్రోగ్రామ్, అందులో వేసుకునే ఒక్కో డిజైన్‌నీ స్కిన్ అంటారు. ఒక్కో ఐకాన్‌ని ఎనిమిది రంగుల్లో ఎనిమిది పీఎన్‌జీ బొమ్మలుగా సేవ్ చేసి, అన్నిటినీ ప్యాకేజీలో కుక్కి స్కిన్ పంచేవాళ్లు ఇంకా ఉన్నారు. ఎందుకండీ అంత చాకిరీ? బొమ్మని తెల్లగా గీసి (నేను మాస్క్ అనేది దీన్నే), స్కిన్ కోడ్‌లో ఆ బొమ్మని చూపించే భాగంలో, అంటే మీటర్‌లో, ఇమేజ్‌టింట్ అని ఒక్క లైను రాస్తే చాలు, వాడేవాళ్లు తమకి నచ్చిన రంగు వేసుకుంటారు. కొన్నేళ్లుగా నా స్కిన్లన్నీ ఇలాగే చేస్తున్నాను. పద్ధతి నిజంగా బాగుంది, కానీ జనం చెప్పినంత తేలిక మాత్రం కాదు, ఎందుకంటే కోడ్ రెండు నిమిషాల పని, అసలు తిప్పలన్నీ బొమ్మ గీసే దగ్గరే.

ఇమేజ్‌టింట్ చేసేది గుణకారం. ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఒక్కోదానికీ 0 నుంచి 255 దాకా విలువ ఉంటుంది, మూడూ 0 అయితే నలుపు, మూడూ 255 అయితే తెలుపు. పిక్సెల్‌లో ఉన్న విలువని మీరిచ్చిన రంగుతో గుణించి 255తో భాగిస్తుంది. అందుకే తెల్ల పిక్సెల్ అచ్చంగా మీరడిగిన రంగులోకి మారుతుంది, నల్లది నల్లగానే ఉండిపోతుంది. మధ్యలో 128 బూడిద ఉందనుకోండి, దానిమీద 255,128,0 నారింజ వేస్తే వచ్చేది 128,64,0, అంటే నారింజ పోయి బ్రౌన్ తేలుతుంది. నేనైతే మాస్క్‌లో షేడింగ్‌ని 180 కంటే కిందకి పోనివ్వను, అంతకంటే ముదురు నీడ కావాలంటే వేరే లేయర్‌లో వేస్తాను. ఇప్పటికే రంగులో ఉన్న బొమ్మకి గ్రేస్కేల్=1 పెట్టి టింట్ వేసే దారి కూడా ఉంది కానీ, ముదురు నీలం బొమ్మ బూడిదగా మారేసరికే దాదాపు నల్లబడిపోతుంది, ఇక దానిమీద ఏ రంగు వేసినా జీవం లేకుండానే కనిపిస్తుంది.

ఇదే గుణకారం వల్ల ఇంకో ఇబ్బంది ఉంది: ఎంచుకున్న రంగు కంటే వెలుతురు ఎక్కడా రాదు. గాజు బటన్ మీద తెల్లటి మెరుపు కావాలంటే అది టింట్ లేని వేరే పీఎన్‌జీగా పైన కూర్చోవాల్సిందే. కింద నీడ, మధ్యలో రంగు పట్టే మాస్క్, పైన మెరుపు, మూడూ ఒకే కొలత కాన్వాస్ మీద ఉండాలి. ఫైల్ సైజు తగ్గుతుంది కదా అని ఖాళీ అంచులు ట్రిమ్ చేశారో, మూడిటికీ ఎక్స్, వై విడివిడిగా సరిచూసుకుంటూ కూర్చోవాలి.

అంచుల సంగతి మరీ ముఖ్యం. నల్ల బ్యాక్‌గ్రౌండ్ మీద గీసి తర్వాత ఆ నలుపుని చెరిపేస్తే, అంచుల్లో సగం పారదర్శకంగా ఉండే పిక్సెళ్లలో నలుపు మిగిలిపోతుంది. బొమ్మ తెల్లగా ఉన్నంతసేపూ అది పెద్దగా కంటికి ఆనదు, పసుపు టింట్ వేసి లేత వాల్‌పేపర్ మీద పెట్టగానే చుట్టూ మురికి గీతలా తేలుతుంది. గింప్ అనే బొమ్మల ఎడిటర్‌లో ఆల్ఫా (పారదర్శకత) లాక్ చేసి లేయర్ మొత్తం తెలుపుతో నింపేయండి, ఆకారమంతా ఆల్ఫాలోనే ఉంటుంది, గీత పోతుంది. షేడింగ్ ఆ తర్వాతే వేసుకోవాలి, లేకపోతే అదీ తెలుపులో కలిసిపోతుంది.

రెండు రంగులు కావాలంటే టింట్‌తో కుదరదు, కలర్‌మ్యాట్రిక్స్ కావాలి, అంటే రంగుల విలువల్ని మార్చే ఐదు వరుసల అంకెల పట్టిక. బూడిద బొమ్మకి ఐదో వరుసలో మొదటి రంగు, మొదటి వరుసలో రెండో రంగు నుంచి మొదటిది తీసేసిన తేడా, రెండు మూడు వరుసల్లో సున్నాలు, నాలుగోది మామూలుగా. అప్పుడు నలుపున్న చోట ఒక రంగు, తెలుపున్న చోట ఇంకోటి, మధ్యలో రెండూ కలుస్తూ వస్తాయి. ఫలితం అదిరిపోతుంది. విలువలు 0 నుంచి 1 స్కేల్లో ఉండాలి కాబట్టి వాడేవాళ్లిచ్చే ఎరుపు, ఆకుపచ్చ, నీలం సంఖ్యల్ని మూడు వేరియబుల్స్‌గా విడగొట్టి ఫార్ములా రాయాలి, అది మాత్రం విసుగు.

మాస్క్‌ఇమేజ్‌నేమ్ అనే ఆప్షన్‌తో ఈ మాస్కు పద్ధతిని కలిపేసుకోకండి. అది రంగు వేయదు, ఒక బొమ్మని ఇంకో బొమ్మ ఆకారంలోకి కత్తిరిస్తుంది. ఆల్బమ్ ఆర్ట్ గుండ్రంగా చూపించాలంటే భేషుగ్గా పనికొస్తుంది.

వాడేవాళ్ల వైపు నుంచి చూస్తే, రంగుని వేరియబుల్‌గా పెట్టి, రైట్‌కీవాల్యూ బ్యాంగ్‌తో (బ్యాంగ్ అంటే రెయిన్‌మీటర్ ఆదేశం) స్కిన్ ఫైల్లో రాసి, రిఫ్రెష్ చేస్తే సరిపోతుంది. రిఫ్రెష్ మర్చిపోతే రంగు ఫైల్లో మారుతుంది, తెర మీద మారదు. సిస్‌కలర్ ప్లగిన్‌తో విండోస్ రంగునే నేరుగా తీసుకోవచ్చు, అలా చేస్తే డైనమిక్‌వేరియబుల్స్=1 ఉండాలి. ఎవరో ఒకరు నలుపు ఎంచుకుంటారు, అది ఖాయం. అప్పుడు మాస్క్‌లోని షేడింగంతా మాయమై నల్లటి మచ్చ మిగులుతుంది. పైన మెరుపు లేయర్ ఉంటే కనీసం ఆకారమైనా తెలుస్తుంది.

చదునుగా ఉండే బార్లు, వలయాలు, గుండ్రటి మూలల పెట్టెలకైతే ఇప్పుడు మాస్క్ గీయడం దండగ, షేప్ మీటర్ వాడండి, రంగు నేరుగా రాసుకోవచ్చు, ఎంత పెద్దది చేసినా అంచు చెదరదు. చెక్క, లోహం, గాజు లాంటి టెక్స్‌చర్ ఉన్నచోట మాత్రం నాకు మాస్క్‌కి సాటి ఏదీ కనిపించలేదు. ఒక్కటి మాత్రం చేయండి, లేయర్లున్న సోర్స్ ఫైల్ భద్రంగా దాచుకోండి, ఒకసారి కలిపేసిన పీఎన్‌జీలోంచి మెరుపుని విడదీయడం కంటే మొత్తం మళ్లీ గీయడమే సుఖం.