జీడిపిక్కల ఆటో కట్టర్: మూడు సీజన్లు వాడాక

పర్లాకిమిడి దగ్గర మాది చిన్న జీడి యూనిట్. పిక్కలు చుట్టుపక్కల కొండ ఊళ్ల నుంచి వస్తాయి, పప్పు పలాస వెళ్తుంది. నాలుగు లైన్ల ఆటోమేటిక్ కట్టర్ కొని మూడు సీజన్లయింది. కంపెనీ పేరు రాయను. పిక్కలు పోసే తొట్టి, అదే హాపర్‌లోంచి చెయిన్ కప్పులు ఒక్కో పిక్కను ఎత్తి గైడ్‌లో వేస్తాయి, రెండు బ్లేడ్లు అటూ ఇటూ పట్టి పెంకు విప్పుతాయి.

వినడానికి బాగానే ఉంది. మొదటి సీజన్‌లో పది కప్పులకు మూడు నాలుగు ఖాళీగా వచ్చేవి, కొన్నింట్లో రెండేసి ఎక్కేవి. గైడ్‌లో అడ్డంగా ఇరుక్కుంటే మెషిన్ ఆపి, కర్రతో పొడిచి తీయాలి. గంటకు ఆరేడు సార్లు. ఒకటే టెన్షన్. అమ్మినాయన ఫోన్‌లో "బ్లేడ్లు మార్చండి సార్" అన్నాడు. మార్చాను. డబ్బు పోయింది గానీ ఇరుక్కోవడం పోలేదు.

అసలు సంగతి పట్టుకున్నది మా దగ్గర చేత్తో పిక్క కొట్టే అప్ప. "ఇది వేడి ఆరలేదు బాబూ, నొక్కితే మెత్తగా ఉంది" అంది. ఆవిరి పట్టిన పిక్కను సాయంత్రం గోనెసంచుల్లో కట్టేసి, తెల్లారి మెషిన్‌లో పోసేసేవాళ్లం. సంచి నడిమధ్యన వేడీ తడీ అలాగే ఉండిపోయేవి. మెత్తటి పెంకు నలిగితే జీడి నూనె ఊరి కప్పులకు అంటుతుంది. ఆ జిగురుకు దుమ్ము చేరిందా, పిక్క కప్పులో సరిగా కూర్చోదు, కూర్చున్నది జారదు. ఇప్పుడు నేల మీద పలచగా పరిచి ఒక రోజంతా ఆరబెడుతున్నాం. సగం బాధ దీంతోనే తీరింది.

మిగతా సగం సైజుది. గ్రేడర్ ఖర్చు ఎందుకులే అని జల్లెడతో పైపైన ఏరి పోసేవాళ్లం. 18 మి.మీ. పిక్క, 24 మి.మీ. పిక్క ఒకే లైన్‌లో కలిస్తే చిన్నవి రెండేసి ఎక్కుతాయి, పెద్దవి గైడ్‌లో దిగవు. రెండో సీజన్‌లో రోటరీ గ్రేడర్ తెచ్చాను. నిజానికి కట్టర్ కంటే ముందు కొనాల్సింది అదే.

హాపర్ సగానికి మించి నింపకండి, బరువుకు కింది పిక్కలు బిగుసుకుంటాయి. చెయిన్ వదులైతే కప్పు, గైడ్ ఒక చోట కలవవు, మళ్లీ ఖాళీలు మొదలు. రాత్రి కరెంటు పూర్తిగా తీసేశాకే కప్పులు తుడవాలి, చేతికి గ్లౌజులు వేసుకుని. మా ఆడవాళ్లు ఆముదం, బూడిద రాసుకుంటారు. జీడి నూనె తగిలితే చర్మం పొక్కి ఊడిపోతుంది మరి.

మెషిన్ తప్పు లేకపోలేదు. హాపర్ గేటు రేకు మరీ పల్చన. రెండో ఏడుకే వంగితే గుణుపురంలో వెల్డింగ్ చేయించి మందపాటిది వేయించాను. వేసవిలో వోల్టేజ్ పడిపోతే స్టెబిలైజర్ లేకుండా నడపలేం.

ఇప్పుడు పూట మొత్తానికి ఒకటి రెండు సార్లు ఆపితే ఎక్కువ. గుండ్లు, అంటే విరగని పూర్తి పప్పులు, మాత్రం చేత్తో కొట్టినన్ని రావు. 320 గ్రేడంటే పౌనుకు 300 నుంచి 320 గుండ్లు తూగాలి, బద్దయితే ధర పడిపోతుంది. అందుకే బాగా పెద్ద పిక్కలు, కోయకుండా బయటికొచ్చినవి ఇప్పటికీ అప్ప ముందుకే వెళ్తాయి. కిలోకి కూలీ పెంచమంటోంది. పెంచాలి.